కుక్కలు, పిల్లుల వైద్యంలో స్పెషల్ ఇంట్రెస్ట్: ఎప్పుడు, ఎలా?

పశువైద్య డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నానన్నారు. ప్రాక్టీసు అంటూ చేస్తే కుక్కలు, పిల్లులతోనే అని తేల్చుకున్నానన్నారు. ‘ఇప్పటినుంచే ఒక స్పెషల్ ఇంట్రెస్ట్ (ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టే విభాగం) పట్టుకో, లేకపోతే గుంపులో కలిసిపోతావు’ అని సీనియర్లు చెబుతున్నారట. ఏది పట్టుకోవాలి, ఎప్పుడు పట్టుకోవాలి, స్పెషలిస్టుకీ దీనికీ తేడా ఏమిటి, ఆపరేషన్లంటే ఇష్టమే కానీ చేయి నిదానం కదా, అల్ట్రాసౌండ్ కోర్సుకి ఇప్పుడే డబ్బు కట్టేయాలా? ఇవీ మీరు అడిగినవి. నేను చాలా ఏళ్లుగా చిన్న జంతువుల ప్రాక్టీసులోనే ఉన్నాను. అందులో ఎక్కువ భాగం వయసు మళ్లిన పిల్లుల కిడ్నీ, థైరాయిడ్, బీపీ జబ్బులు చూస్తూ గడిచింది. కాబట్టి నా మాటల్లో ఆ వైపు మొగ్గు ఉంటుంది. అది కాస్త తీసేసుకుని చదవండి.

సూటి జవాబు ముందు చెప్పేస్తాను. మొదటి రెండు మూడేళ్లు ఏదీ పట్టుకోకండి. ఆ తర్వాత పట్టుకునేటప్పుడు, ఆ విభాగంలో కేసు మొదటిరోజు ఎంత హుషారుగా ఉందో చూసి మోసపోకండి. అదే కేసు ఆరు నెలలు తిరిగి తిరిగి మీ బల్ల మీదికి వచ్చినప్పుడు కూడా చూడాలనిపిస్తోందా అన్నది గమనించుకోండి. మొదటిరోజు ఏ విభాగమైనా బాగానే ఉంటుంది. ఎకో తెర మీద గుండె కవాటం తెరుచుకుని మూసుకోవడం చూస్తే ఎవరికి ముచ్చటేయదు? కానీ చిన్న జంతువుల వైద్యంలో రోజులో పెద్ద వాటా నయం కాని, అదుపులో పెట్టుకోవాల్సిన జబ్బులదే. మందు మోతాదు కొంచెం పెంచడం, కొంచెం తగ్గించడం, రక్తపరీక్ష మళ్లీ చేయించడం, ‘మాత్ర మింగడం లేదు డాక్టర్ గారూ’ అన్న ఫోనుకి ఓపిగ్గా జవాబివ్వడం. ఏ విభాగంలో ఈ పని మీకు విసుగు పుట్టించదో అదే మీది.

మొదటి ఏళ్లలో మీ ఓపీకి వచ్చేవి ఎక్కువగా ఇవే: చెవిలో చీము, దురద, వాంతులు, విరేచనాలు, కుంటడం, ఒంటిమీద గడ్డలు, నోటి దుర్వాసన, టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు. కాలేజీ ఆసుపత్రిలో అరుదైన జబ్బులు ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే బయట తేలనివన్నీ అక్కడికే చేరతాయి. అందుకే కొత్తగా బయటికొచ్చినవాళ్లకి ఏది మామూలు, ఏది అరుదు అన్న లెక్క తలకిందులుగా ఉంటుంది. అది సర్దుకోవడానికే రెండేళ్లు పడుతుంది. వాంతులతో వచ్చే కుక్కల్లో చాలామటుకు తినకూడనిదేదో తిన్నవే, ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటాయి. అలాంటివి వరసగా చూసి చూసి ఉంటేనే, తేరుకోనిది వచ్చినప్పుడు అది ఎక్కడ తేడాగా ఉందో కంటికి ఆనుతుంది.

ఆడిసన్స్ జబ్బునే తీసుకోండి. అడ్రినల్ గ్రంథుల వెలుపలి పొర దెబ్బతిని కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్లు తయారవడం తగ్గిపోతుంది. ఆల్డోస్టిరాన్ లేకపోతే కిడ్నీ సోడియాన్ని పట్టి ఉంచలేదు, పొటాషియాన్ని బయటికి పంపలేదు. బయటికి కనిపించేదేమిటి? అప్పుడప్పుడూ వాంతులు, నీరసం, తిండి మానేయడం. సెలైన్ ఎక్కించగానే లేచి తోక ఊపుతుంది, మూడు వారాల తర్వాత మళ్లీ అదే. కార్డు తిరగేస్తే ‘అజీర్తి’ అని మూడుసార్లు రాసి ఉంటుంది. ఇది పట్టుకోవడానికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. జబ్బుపడిన కుక్క రక్తంలో ఒత్తిడి వల్ల లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) తగ్గాలి. అంత జబ్బులోనూ అవి మామూలుగా, లేదా ఎక్కువగా ఉన్నాయంటే కార్టిసాల్ ఏమైందని అనుమానించాలి. కుప్పకూలిన కుక్కకి గుండె వేగంగా కొట్టుకోవాలి, నిదానంగా కొట్టుకుంటోందంటే పొటాషియం చూడాలి. సోడియం, పొటాషియం నిష్పత్తి 27 కన్నా తక్కువుంటే అనుమానం బలపడుతుంది, అయితే కొన్ని కుక్కల్లో ఈ రెండూ మామూలుగానే ఉండి కార్టిసాల్ ఒక్కటే లోపిస్తుంది. ఏ ఇంజెక్షనూ ఇవ్వకముందు తీసిన రక్తంలో కార్టిసాల్ డెసీలీటరుకి 2 మైక్రోగ్రాములు దాటితే ఈ జబ్బు దాదాపు లేనట్టే. దాటకపోతే అడ్రినల్‌ని పనిచేయించే ఏసీటీహెచ్ హార్మోను ఇచ్చి మళ్లీ కొలిచి తేల్చాలి. తేలాక ఇచ్చే మందుతో ఆ కుక్క మామూలు ఆయుష్షు బతుకుతుంది. ఇది మొదట పట్టుకునేది స్పెషలిస్టు కాదు, ఓపీలో కూర్చున్న జనరల్ డాక్టరే. నాకు అంతర్గత జబ్బుల మీద గురి కుదిరింది ఇలాంటి కేసుల వల్లే.

ఈ ఏళ్లలో చేతికి పట్టించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, ఏ విభాగానికి వెళ్లినా పనికొస్తాయి. పిల్లి పొట్ట తడిమి రెండు కిడ్నీల పరిమాణం చెప్పగలగడం. కంటి వెనక రెటీనా చూడగలగడం (చాలామంది ఇది వదిలేస్తారు, నాకు అర్థం కాదు ఎందుకో). చెవి గులిమి, గడ్డలోంచి సూదితో తీసిన కణాలు స్లైడు మీద రాసి, రంగువేసి, మీ కళ్లతో మీరే చూడడం. అదే నమూనాని ల్యాబుకీ పంపి, వాళ్ల రిపోర్టుతో మీరు రాసుకున్నది పోల్చుకోవడం. ఇవన్నీ ఖరీదు లేని విద్యలు. ఇంకా, ప్రాణాల మీదికొచ్చేవి నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి: పారసెటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు, ఎందుకంటే దాన్ని విరగ్గొట్టే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. కుక్కల పేలమందులోని పెర్మెత్రిన్ పిల్లి మీద పడితే వణుకు, మూర్ఛలు. లిల్లీ పువ్వు పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పోతాయి. కుందేలుకి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇవ్వకూడదు.

స్పెషలిస్టు సంగతి. అమెరికా, యూరప్‌లలో నడిచే పద్ధతిలో, డిగ్రీ అయ్యాక సాధారణంగా ఒక ఏడాది అన్ని విభాగాల్లో తిరిగే ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత గుర్తింపు పొందిన స్పెషలిస్టుల కింద మూడేళ్ల రెసిడెన్సీ, చూసిన కేసుల లెక్క, చివర్లో బోర్డు పరీక్ష. ఇవన్నీ దాటినవాళ్లకే ఆ పేరు. బ్రిటన్‌లో పశువైద్యుల రాయల్ కాలేజీ జాబితాలో లేనివాళ్లు స్పెషలిస్టునని చెప్పుకోకూడదు. అక్కడ మధ్యలో ‘అడ్వాన్స్‌డ్ ప్రాక్టీషనర్’ అనే మెట్టు కూడా ఉంది. స్పెషల్ ఇంట్రెస్ట్ మాత్రం ఎవరూ ఇచ్చేది కాదు. ఫలానా వైపు ఎక్కువ చదివాను, ఎక్కువ చూశాను, ఆ కేసులు నాకు పంపితే శ్రద్ధగా చూస్తాను అని మీరు చెప్పుకునే మాట, అంతే. కాబట్టి దాని విలువ మీ నిజాయితీని బట్టే ఉంటుంది. వారాంతపు కోర్సు ఒకటి చేసి బోర్డు మీద ‘కార్డియాలజీ’ అని రాసుకుంటే అడ్డుకునేవాళ్లు చాలాచోట్ల లేరు. యజమానికి రెండింటి మధ్య తేడా తెలియదు, కాబట్టి చెప్పాల్సింది మనమే. ‘నేను స్పెషలిస్టుని కాను. ఈ జబ్బులు ఎక్కువగా చూస్తాను. నా చేతిలో తేలకపోతే ఫలానా చోటికి పంపిస్తాను’ అని మొదటి రోజే చెప్పేయండి. దానివల్ల పోయిన కేసు నాకు గుర్తున్నంతవరకూ ఒక్కటీ లేదు.

ఇక విభాగాల్లో ఆరో నెల ఎలా ఉంటుందో చూద్దాం.

చర్మం. కేసుల కొరత ఎప్పటికీ రాని విభాగం ఇదే. మొదటి వారం హాయిగా ఉంటుంది. ఇదివరకు దురదకి ఎక్కువగా స్టీరాయిడే గతి. 2013లో అమెరికాలో ఓక్లాసిటినిబ్ అనే దురద మాత్ర వచ్చింది, ఆ తర్వాత లోకివెట్‌మాబ్ ఇంజెక్షను వచ్చింది. రాత్రంతా గోక్కునే కుక్క మర్నాడు నిద్రపోతుంది, యజమాని మిమ్మల్ని దేవుడంటాడు. పురుగుల్ని చంపే ఐసాక్సజోలిన్ జాతి మాత్రలు వచ్చాక, చర్మంలోని సూక్ష్మ పురుగుల వల్ల వచ్చే డెమోడెక్స్ గజ్జి వైద్యం స్వరూపమే మారిపోయింది. నెలల తరబడి మందునీళ్లతో స్నానాలు చేయించిన రోజులు పోయాయి. కానీ అటోపీకి (దుమ్ము, పుప్పొడిలాంటి వాటివల్ల వచ్చే చర్మ అలర్జీకి) ఇవేవీ విరుగుడు కాదు. నేను యజమానులకి చెప్పేదేమిటంటే ఈ మందు గొడుగులాంటిది, వాన ఆగదు, గొడుగు మూసినరోజు తడుస్తారు. ఆహార అలర్జీ తేల్చడానికి కనీసం ఎనిమిది వారాలు ఒకే రకం తిండి పెట్టించాలి. ఏడో వారంలో ఇంట్లో ఎవరో ఒకరు జాలిపడి బిస్కెట్టు పెడతారు. మళ్లీ మొదటికి. అప్పుడు మీకు కోపం రాకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏం పెట్టారో నవ్వుతూ రాబట్టే నేర్పు ఉండాలి. మాట్లాడే ఓపిక, ప్రతిసారీ చెవి స్లైడు చూసే క్రమశిక్షణ ఉన్నవాళ్లు ఇందులో రాణిస్తారు. నాకు ఆ ఓపిక ఒక పరిమితి వరకే, అందుకే ఆ కేసులు మా సహచరురాలికి పంపిస్తాను.

గుండె. చిన్నజాతి కుక్కల్లో గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం వయసుతో మందమై కారడం రోజూ చూస్తారు. ఇది ఆలోచింపజేసే విభాగం, అంకెలు ఉంటాయి. 2016లో వెలువడిన ఎపిక్ పరిశోధన ఈ రంగాన్ని మలుపు తిప్పింది: గుండె పెద్దదై, ఇంకా ఆయాసం మొదలుకాని దశలోనే పిమోబెండాన్ అనే గుండె మందు ఇస్తే గుండె వైఫల్యం సుమారు పదిహేను నెలలు వెనక్కి జరుగుతుందని తేలింది. అంటే ఏ లక్షణమూ లేని కుక్కని కొలిచి, మందు మొదలుపెట్టాల్సిన సమయం పట్టుకోవడం మీ పని. ఇంటి దగ్గర యజమాని చేయాల్సింది ఒకటే: కుక్క నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టడం. ముప్పై లోపు ఉండాలి, రోజూ చూస్తుండగా పెరుగుతూ ఉంటే ఫోను చేయాలి. ఈ ఒక్క అలవాటు నేర్పితే అర్ధరాత్రి ఊపిరితిత్తుల్లో నీరు పట్టి వచ్చే కేసులు కొన్నైనా పగలే తెలుస్తాయి. పిల్లుల గుండె మాత్రం వేరే కథ. మర్మర్ (గుండె చప్పుడులో అదనపు శబ్దం) వినిపించినా గుండె బాగుండొచ్చు, ఏమీ వినిపించకపోయినా కండరం మందమై ఉండొచ్చు. కొన్నిటికి మొదటి లక్షణమే వెనక కాళ్లకి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం. కాళ్లు చల్లబడి, పిల్లి నొప్పితో అరుస్తూ వస్తుంది. ఇంట్లోవాళ్లు ఏదో బండి తగిలిందనుకుంటారు. స్టెతస్కోప్‌నే నమ్ముకునేవాళ్లకి పిల్లి గుండె మంచి గుణపాఠం చెబుతుంది.

సర్జరీ గురించి మీరు అంతగా భయపడాల్సిన అవసరం లేదు. చేయి నిదానం కావడం లోపం కాదు. కణజాలాన్ని నలపకుండా పట్టుకోవడం, రక్తం కారకుండా చూసుకోవడం, కుట్టు మరీ బిగించకపోవడం ముందు రావాలి. అలాగని గంటల తరబడి చేసినా కుదరదు, మత్తులో ఉన్న సమయం పెరిగేకొద్దీ ఇన్ఫెక్షను ముప్పు పెరుగుతుంది. వేగంగా చేసే సర్జన్లని గమనించండి, వాళ్ల చేతులు గబగబా కదలవు. అనవసరంగా కదలవు, అంతే. ఆపరేషను ముందురోజు రాత్రి ప్రతి అడుగూ కాగితం మీద రాసుకుంటే మీ సమయం దానంతటదే తగ్గుతుంది. ఆరో నెల సంగతంటారా, మోకాలి లిగమెంటు తెగి ఎముక కోసి ప్లేటు వేసిన కుక్కని యజమాని ఎనిమిది వారాలు గెంతనివ్వకుండా ఉంచగలడా అన్నదాని మీదే మీ పనితనం నిలబడుతుంది.

పళ్లు. ఎవరూ కోరుకోని విభాగం, నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసే విభాగం. ఎదిగిన కుక్కకి 42 పళ్లు, పిల్లికి 30. ప్రతి పంటికీ పెద్ద భాగం చిగురు కిందే ఉంటుంది, కాబట్టి పంటి ఎక్స్‌రే లేకుండా, మత్తు ఇవ్వకుండా చేసే దంతవైద్యం పైపూత మాత్రమే. పిల్లుల్లో పన్ను తనంతట తాను కరిగిపోయే జబ్బు ఒకటుంది, భరించలేని నొప్పి. అయినా పిల్లి తింటూనే ఉంటుంది. ‘తింటోంది కదా, నొప్పేముంటుంది’ అని అందరూ అనుకుంటారు. ఆ పన్ను తీసేసిన వారానికి యజమాని వచ్చి ‘మా పిల్లి మళ్లీ ఆడుకుంటోంది, ముసలిదైపోయిందనుకున్నాం’ అంటాడు. డెంటల్ ఎక్స్‌రే ఉన్న క్లినిక్‌లో ఉద్యోగం దొరికితే కళ్లు మూసుకుని చేరండి.

మత్తు ఇచ్చే విభాగం, ఎమర్జెన్సీ కూడా మంచి దారులే. ఎమర్జెన్సీలో ఆరో నెల అంటూ ఉండదు, అది కొందరికి వరం. మిగిలినవాళ్లకి కేసు చివరికి ఏమైందో ఎప్పటికీ తెలియకపోవడం కొన్నేళ్లకి భారమవుతుంది.

ఇప్పుడు నా ఇష్టం దగ్గరికి వస్తాను. పిల్లి జబ్బుని దాచుకుంటుంది, పైగా ఆసుపత్రికి రాగానే దాని ఒంట్లో అంకెలే మారిపోతాయి. భయంతో చక్కెర పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. ఒక్క రక్తపరీక్ష చూసి డయాబెటిస్ అని రాసేయకూడదు, గత కొద్ది వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమైన్ చూడాలి, లేదా ఇంటి దగ్గర మూత్రం పరీక్షించాలి. కాబట్టి పిల్లుల వైద్యం పిల్లిని ఎలా పట్టుకుంటామన్న దగ్గరే మొదలవుతుంది. మెడ పట్టి అదిమే కాలం పోయింది. బుట్ట పైమూత తీసి, కింది సగంలోనే కూర్చోబెట్టి చూడొచ్చు. బాగా బెదిరేవాటికి ఇంటి దగ్గరే బెదురు తగ్గించే గాబాపెంటిన్ ఇచ్చి తీసుకురమ్మంటాం. బీపీ మిగతా పరీక్షలకన్నా ముందు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, అది కాస్త కుదుటపడ్డాక చూడాలి. మొదటి అంకె వదిలేసి, ఐదారు కొలతల సగటు తీసుకోవాలి. పై బీపీ 160 దాటితే కళ్లకి, మెదడుకి, గుండెకి, కిడ్నీలకి ముప్పు మొదలవుతుంది, 180 దాటితే ఆ ముప్పు తీవ్రం. ఉన్నట్టుండి గుడ్డిదై, కంటిపాపలు పెద్దవై వచ్చిన ముసలి పిల్లికి కంటి చుక్కలు రాసి పంపేముందు బీపీ చూడండి. రెటీనా ఊడి ఉండొచ్చు. బీపీ తగ్గించే ఆమ్లోడిపిన్ వెంటనే మొదలైతే కొన్నిటికి కొంత చూపైనా తిరిగి వస్తుంది.

కిడ్నీ మరీ జిత్తులమారిది. క్రియాటినిన్ పెరిగేసరికి పనిచేసే భాగంలో దాదాపు ముప్పాతిక పోయి ఉంటుంది. ఆ క్రియాటినిన్ వచ్చేది కండరాల నుంచి. చిక్కిపోయిన పిల్లికి కండరమే లేదు కాబట్టి అంకె ఇంకా తక్కువ చూపిస్తుంది. ఎస్‌డీఎంఏ అనే పరీక్ష కొంత ముందుగా చెబుతుంది, దానికి కండరంతో సంబంధం తక్కువ. వీటిని కలిపి ఐరిస్ (అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంఘం) పద్ధతిలో ఒకటి నుంచి నాలుగు దశలుగా విడగొట్టి, మూత్రంలో ప్రొటీనునీ బీపీనీ పక్కన రాసుకుంటాం. ఇదంతా పుస్తకంలో ఉన్నదే. అసలు చిక్కు థైరాయిడ్ వచ్చి కలిసినప్పుడు మొదలవుతుంది. పిల్లుల్లో థైరాయిడ్ ఎక్కువవడాన్ని 1979లో మొదటిసారి ఒక జబ్బుగా వర్ణించారు, ఇప్పుడు పదేళ్లు దాటిన పిల్లుల్లో ఇది మామూలు. బాగా తింటుంది, అయినా చిక్కిపోతుంది, రాత్రిళ్లు అరుస్తుంది. ఈ జబ్బు కిడ్నీకి రక్తప్రవాహాన్ని పెంచుతుంది, పైగా కండరాన్ని కరిగిస్తుంది. రెండు విధాలా క్రియాటినిన్ తగ్గుతుంది. అంటే కిడ్నీ జబ్బు ఉన్నా రిపోర్టులో కనపడదు. మీరు థైరాయిడ్‌కి మందు ఇస్తారు, పిల్లి నెమ్మదిస్తుంది, బరువు పెరుగుతుంది, కానీ నెల తర్వాత క్రియాటినిన్ ఎక్కువ వస్తుంది. యజమాని అడిగే మాట ఒకటే: ‘మీ మందు కిడ్నీలు పాడుచేసిందా?’ పాడుచేయలేదు, ఇదివరకే ఉన్నది బయటపడింది. ఈ మాట మందు మొదలుపెట్టేముందే చెప్పినవాడు డాక్టరు, తర్వాత చెప్పినవాడు సాకులు చెబుతున్నవాడు. అలాగని భయపడి థైరాయిడ్‌ని వదిలేసినా కుదరదు, దాన్ని అలాగే ఉంచితే కిడ్నీ ఇంకా దెబ్బతినవచ్చు. మరీ ఎక్కువ తగ్గించినా నష్టమే. ఈ రెండు గీతల మధ్య మోతాదు నడిపించడం నాకు ఇప్పటికీ విసుగు రాదు. ఇది చదువుతుంటేనే మీకు ఆవలింత వచ్చిందంటే, మంచిదే, ఒక విభాగం మీ జాబితాలోంచి పోయింది.

ఇంకో సంగతి. మీరు ఎంచుకున్న విభాగంలో నేర్చుకున్నది పాతబడుతుంది. పిల్లుల ఎఫ్‌ఐపీ (పిల్లుల కరోనావైరస్ వల్ల వచ్చే జబ్బు) అంటే మేం చదువుకున్నప్పుడు మరణవార్తే. పొట్టలో పసుపురంగు నీరు చూడగానే కారుణ్య మరణం గురించి మాట్లాడేవాళ్లం. 2019లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ పరిశోధకులు జీఎస్-441524 అనే వైరస్ మందు ఇచ్చిన 31 పిల్లుల ఫలితాలు ప్రచురించారు, వాటిలో 25 దీర్ఘకాలం బతికాయి. చాలాచోట్ల ఈ వార్త డాక్టర్లకన్నా ముందు యజమానులకి తెలిసింది. ‘దీనికి మందు లేదు’ అని తడుముకోకుండా చెప్పిన డాక్టర్లు ఆ ఏడాది బాగా ఇబ్బందిపడ్డారు. స్పెషల్ ఇంట్రెస్ట్ ఉందని చెప్పుకుంటే ఆ ఒక్క విభాగంలోనైనా యజమానికన్నా ముందు మీరు చదివి ఉండాలి. నెలకి ఒకటి రెండు పేపర్లు మొత్తం చదవడం, పది పేపర్ల సారాంశాలు చదవడం కన్నా మేలు. ఏ జంతువులని తీసుకున్నారు, వేటిని వదిలేశారు అన్నది సారాంశంలో ఉండదు.

వయసు మళ్లిన జంతువుల వైద్యం ఎంచుకుంటే చివరిరోజు కూడా మీదే. నాలుగేళ్లు చూసిన పిల్లికి ఆ ఇంజెక్షను మీరే ఇస్తారు, ఎందుకంటే ఇంట్లోవాళ్లు మిమ్మల్నే కోరతారు. దానికి సిద్ధంగా లేనివాళ్లు ఈ వైపు రాకపోవడమే మంచిది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎప్పుడు అన్న ప్రశ్నకి నేను పశువైద్యురాలు ఆలిస్ విల్లాలొబోస్ రూపొందించిన కొలమానం వాడతాను: నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, నడక, మంచిరోజులు చెడ్డరోజుల కన్నా ఎక్కువున్నాయా. ఒక్కోదానికి యజమానే మార్కులు వేస్తారు. అంకెలు నిర్ణయం తీసుకోవు, కానీ భార్యాభర్తలు ఇద్దరూ ఒకే కాగితం చూస్తూ మాట్లాడుకుంటారు, అది పెద్ద మేలు. ఇలాంటివి ఒకేరోజు రెండు వస్తే మూడోది వేరే డాక్టరుకి ఇవ్వమని అడగడం నేర్చుకోండి. ఈ వృత్తిలో కుంగిపోయేవాళ్లు ఎక్కువ. మనకేం కాదులే అనుకోవడం తెలివితక్కువ.

ఎలా మొదలుపెట్టాలి అంటే, నోటుపుస్తకంతో. పేరున్న జబ్బులు కాదు, ఇంటికెళ్లాక కూడా మీ బుర్రలో తిరిగిన కేసులు రాసుకోండి. ‘ఎలా ఉంది’ అని ఎవరూ అడక్కుండానే మీరు ఫోను చేసిన కేసులకి పక్కన గుర్తు పెట్టండి. ఏడాది తర్వాత తిరగేస్తే ఆ గుర్తులన్నీ ఒకవైపే పడి ఉంటాయి. అప్పుడు మీ క్లినిక్‌లో మిగతా డాక్టర్లకి చెప్పండి, ఇలాంటివి వస్తే నాకు పంపండి, బదులుగా మీ చెవి కేసులు గానీ మీ ఆపరేషన్లు గానీ నేను చూసుకుంటాను అని. బయటి డాక్టరు పంపిన కేసు వస్తే చూసినరోజే వాళ్లకి ఉత్తరం రాయండి, కేసు తిరిగి వాళ్లకే పంపండి, వాళ్లు ముందు చేసిన వైద్యం గురించి యజమాని ముందు ఒక్క మాట కూడా జారకండి. ఆ రోజు వాళ్లకి కనిపించింది వేరు, మీకు కనిపించేది వేరు, జబ్బు ముదిరాక చూసినవాడికి ఎప్పుడూ సులువే. ఒక జాగ్రత్త కూడా: ఏదో ఒకటి బాగా నేర్చుకున్న మొదటి ఏడాది ఎవరికైనా అన్ని కేసుల్లోనూ అదే కనిపిస్తుంది. దానికి విరుగుడుగా వారంలో ఒకటి రెండు రోజులైనా టీకాల ఓపీలో కూర్చోండి, ఎంత సీనియర్ అయినా.

అల్ట్రాసౌండ్ కోర్సు ఇప్పుడే వద్దు. నేర్చుకున్న మర్నాటి నుంచి రోజూ ప్రోబ్ చేతిలో ఉంటేనే అది నిలుస్తుంది, లేకపోతే కొన్ని నెలల్లో ఆవిరైపోతుంది. ఉద్యోగంలో చేరాక మొదట నేర్చుకోవాల్సినవి మూడే: పొట్టలో, ఛాతీలో నీరుందా అని నిమిషాల్లో చూసే ఫాస్ట్ స్కాన్, మూత్రాశయంలోంచి సూదితో మూత్రం తీయడం, కడుపుతో ఉందా లేదా, పిల్లల గుండె కొట్టుకుంటోందా అన్నది. ఇవి సీనియర్ పక్కన నిలబడి నేర్చుకోవచ్చు. కిడ్నీ పొరలు, అడ్రినల్ మందం, పేగు గోడ పొరలు చూడాలంటే అప్పుడు కోర్సు. ఉద్యోగం మాట్లాడుకునేటప్పుడు మెషీన్ ఏ కంపెనీదో అడగడం కన్నా, మీరు తీసిన బొమ్మలు చూసి సరిదిద్దేవాళ్లు ఎవరున్నారో అడగండి. ఎవరూ లేరంటే ఆ డబ్బు పెట్టి ముందు మంచి మైక్రోస్కోప్ కొనుక్కోండి, కోర్సు ఇంకో ఏడాది ఆగినా మీకు నష్టమేమీ లేదు.